ఒక్కడి వంతు

నాకు కోపం ఎక్కువ, చెవులు చురుకు. రెండూ ఆటోనగర్ ఇచ్చినవే. పదహారేళ్ళుగా స్పేర్ పార్టుల కౌంటర్ వెనక నిలబడుతున్నాను. వీధిలో బండి ఆగిన చప్పుడు వింటే చాలు, దిగిన మనిషి క్లచ్ ప్లేటు అడుగుతాడో బ్రేకు లైనింగులు అడుగుతాడో ముందే చెప్పేస్తాను. అదేమంత గొప్పా అని అడిగేవాళ్ళున్నారు. గొప్పే. అలాంటి చెవులు పెట్టుకుని, మే నెలలో ఒక ఆదివారం నా గుమ్మంలోనే నిలబడి నా స్నేహితుడు అన్న రెండు మాటలు వినలేకపోయాను. తారిక్ అనే ఈ తెలివైనవాడి కథ ఇది.

ముందు మా ఆట సంగతి చెప్పాలి. ఆదివారం షాపు మూత. పైన గదిలో ఒక పాత బల్ల చుట్టూ ఐదుగురం కూర్చునేవాళ్ళం. ఒకడు కథ చెబుతూ ఆట ఆడిస్తాడు, వాణ్ణి నేనే. మిగతా నలుగురికీ కథలో తలా ఒక పాత్ర. "ఎదురుగా నది, పడవ లేదు, వెనక దొంగలు. ఏం చేస్తావ్?" అని అడుగుతాను. వాడేం చేస్తాడో చెబుతాడు. అది జరుగుతుందో లేదో పది ముఖాల డైస్ తేలుస్తుంది. ఐదు గాని ఆ పైన గాని పడితే గెలిచినట్టు, లోపు పడితే ఓడినట్టు. కానీ మా బల్ల మీద ఓడితే చావు లేదు, నష్టం ఉంటుంది. కత్తి విరుగుతుంది, గుర్రం పారిపోతుంది, లేదా దాచుకున్న నిజం ఒకటి బయటపెట్టాల్సి వస్తుంది. నష్టం కట్టి మళ్ళీ ఆడాల్సిందే.

డైస్ కనబడని రోజు కిటికీలోంచి వీధిలోకి చూసేవాళ్ళం. వెళ్ళే బండి నంబరులో ఆఖరి అంకె ఏదైతే అదే మాకు పడినట్టు. ఈ ఉపాయం కృపానందానిది. ఆటోనగర్‌లోనే ఆటో ఎలక్ట్రీషియన్, నవ్వితే గది అదిరేది. కింద పార్క్ చేసిన నా స్కూటర్ నంబరు ఏడు నాలుగు నాలుగు ఒకటి. ఎవరికి ఒకటి పడినా, "తారిక్ భాయ్ బండిరా, శనిగాడి బండి" అని నలుగురూ నన్ను ఆడిపోసుకునేవాళ్ళు.

కృపానందానికి ప్రాణస్నేహితుడు వేణుగోపాల్. వేణు వాళ్ళది పెడన నుంచి వచ్చి వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టు పెట్టుకున్న కుటుంబం. నోట్లో నాలుక లేని మనిషి, ఆటలో మాత్రం రూల్స్ దగ్గర లాయరు. మా అమ్మ జహీదా షాపు వెనకే ఉన్న మా ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. ప్రతి ఆదివారం వేణు కొట్టులోని చీరలు మూటగట్టి తెచ్చి అమ్మకిచ్చి, ముందు వారానివి పట్టుకెళ్ళేవాడు. ఆటలో వాడి పాత్ర కత్తుల కోటయ్య అనే వీరుడు. కృపానందం పాత్ర చిలకముక్కు అనే దొంగ. కోటయ్య ఎక్కడుంటే చిలకముక్కు అక్కడ.

నవంబరులో ఒక సాయంత్రం ఆట ముగిశాక ఇద్దరూ వేణు బండి మీద బయల్దేరారు. కృపానందం మెట్ల మీంచి "వెళ్ళొస్తా భాయ్" అని అరిచాడు. రామవరప్పాడు రింగు కూడలి దగ్గర లారీ. వేణుకి భుజం ఎముక విరిగింది. కృపానందం తిరిగి రాలేదు.

తరవాత మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. ఒకడికి హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది, ఇంకొకడి భార్య ఆ గది అచ్చిరాలేదంది. నేనూ బల్ల మడిచి గోడకి ఆనించాను. నాలుగో ఆదివారం, భుజానికి కట్టుతో వేణు షేర్ ఆటో దిగి పైకొచ్చి, బల్ల తనే పరిచి, తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఆడించు భాయ్," అన్నాడు.

"ఒక్కడితోనా?"

"ఒక్కడితోనే."

గుడ్డి కన్నా మెల్ల నయమని మొదలుపెట్టాను. ఒక్కడితో ఆట ఎంత కష్టమో ఆడించినవాడికే తెలుస్తుంది. నలుగురున్నప్పుడు ఒకడికి తోచకపోతే ఇంకొకడు అందుకుంటాడు. ఒక్కడే ఉంటే వాడి మౌనమంతా నా నెత్తినే పడుతుంది. వంతు చేతులు మారదు. వాడి వంతు అయిపోగానే మళ్ళీ వాడి వంతే. ఆ ఒంటరితనం తగ్గించడానికి వాడికో తోడు కావాలి. నేను చాలా ఆలోచించి, నా బుద్ధికి మెచ్చుకుని, చిలకముక్కుని తెచ్చి వాడి పక్కన నిలబెట్టాను. దొంగ మాటలు నేనే మాట్లాడేవాణ్ణి. కృపానందంలా నవ్వేవాణ్ణి కూడా. వేణు నా మొహం కాకుండా నా నోటికేసి చూస్తూ వినేవాడు. మంచిపని చేస్తున్నాననుకున్నాను. ఐదు నెలలు అలా గడిచాయి.

ఇక ఆ మే ఆదివారం. నాకు విసుగొచ్చింది, నిజం చెబుతున్నాను. ఇటు నేనే ప్రశ్న, అటు నేనే జవాబు. పైగా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాన్ని. కథకి ఒక గొప్ప మలుపు కావాలనిపించింది. తగలబడుతున్న తాళ్ళ వంతెన ఒకటి కల్పించాను. కోటయ్య దాటేవరకు చిలకముక్కు తాడు పట్టుకుని నిలబడ్డాడు. తరవాత తాడు తెగింది. పావుగంట సేపు ఆ చావు వర్ణించాను. నా కళ్ళలో నాకే నీళ్ళు తిరిగాయి.

వేణు చాలాసేపు బల్ల మీది గీతలు చూశాడు. "డైస్ వెయ్యవా భాయ్?" అన్నాడు.

"ఇది కథరా. దీనికి డైస్ లేదు."

తలూపాడు. ఆ తరవాత వాడు ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదు. కోటయ్య గుర్రాన్ని గుర్రపుశాల ముసలాయనకి ఇచ్చేశాడు. కత్తి కమ్మరికి ఇచ్చేశాడు. వేలి ఉంగరం దారిలో కనబడిన ఎవరికో పెట్టేశాడు. ప్రతివాళ్ళకీ దణ్ణం పెట్టి, పడవెక్కి నది మధ్యకి వెళ్ళాడు. "ఇక్కడితో ఆపేద్దాం భాయ్," అన్నాడు.

నేను చప్పట్లు కొట్టాను. అవును, చప్పట్లే. "ఏం ఆడావురా, కడుపు నిండిపోయింది" అని చప్పట్లు కొట్టాను. వేణు తన డైస్ సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి నీ దగ్గరుండనీ." గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. నేను టీ గ్లాసులో మిగిలిన చుక్క తాగుతూ, వచ్చేవారం కథ అల్లుకుంటూ, "ఆఁ ఆఁ" అన్నాను.

పావుగంటకి అమ్మ పైకొచ్చింది. మోకాళ్ళ నొప్పితో ఆవిడ మెట్లెక్కదు, అవసరమైతే కింద నుంచే కేకేస్తుంది. ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుని నిలబడింది. చేతిలో సూది అలాగే ఉంది. మేం ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"వేణు ఎక్కడికెళ్ళాడు?"

"ఇంటికి. ఇంకెక్కడికి వెళ్తాడు?"

"ఇవాళ చీరలు తేలేదు. ఎందుకు నాయనా అంటే, ఇకనుంచి ఇంకెవరైనా తెస్తార్లే ఆంటీ అన్నాడు. నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. గేటు దగ్గర 'వెళ్తున్నా ఆంటీ' అన్నాడు."

"అయితే?"

"అయితే ఏంట్రా మూర్ఖుడా! వాళ్ళు 'వెళ్ళొస్తా' అంటారు, మనం 'జాకే ఆతూఁ' అంటాం. బాకాలా మాట్లాడతావు, చెవిలో సీసం పోసుకున్నావా? చావింటి నుంచి లేచేటప్పుడు తప్ప, వస్తాననకుండా ఎవరు వెళ్తారు? నీకేమని చెప్పాడు?"

అప్పుడు వినిపించింది నాకు. పావుగంట ఆలస్యంగా. గుమ్మంలో నిలబడి వాడన్న రెండు మాటలు. "వెళ్తున్నా భాయ్."

గుర్రం, కత్తి, ఉంగరం, పడవ, నది మధ్య. వాడు ఆడలేదు. నాకు చెప్పాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. నది అంటే బెజవాడ మనిషికి బ్యారేజీయే కదా. "అమ్మీ, పోలీసులకి ఫోన్ చెయ్యి, ప్రకాశం బ్యారేజీ అని చెప్పు, నీలం చొక్కా అని చెప్పు. వాళ్ళక్క నాగదుర్గకి కూడా చెయ్యి," అని అరుస్తూ మెట్లు దిగాను. స్కూటర్ తీస్తూ ఇంకోసారి చేశాను. ఎత్తలేదు.

బతిమాలితే వీడు ఎత్తడు. ఏడిస్తే అసలే ఎత్తడు. వేణు దేనికి లేస్తాడో నాకు తెలుసు. మెసేజ్ పెట్టాను: "ఆఖరి డైస్ వెయ్యకుండా లేచావు. రూల్ ప్రకారం ఇవాళ్టి ఆట చెల్లదు."

ఆటోనగర్ గేటు దాటేసరికి ఫోన్ మోగింది.

"ఏ డైస్?" అన్నాడు వేణు. గొంతు చల్లగా ఉంది. వెనక గాలి హోరు.

"నది మధ్యలో పడవ ఆపావు. ఆపాలంటే డైస్ వెయ్యాలిగా."

"ఇప్పుడెందుకు భాయ్ అదంతా?"

"నువ్వేగా రూల్స్ రూల్స్ అని నన్ను పీక్కుతినేది! నేను డైస్ వెయ్యకుండా కథ నడిపితే గొడవ చెయ్యవూ?"

వాడు బదులిచ్చే లోపు నేను రెండు ఆటోల్ని తప్పించి, ఒక సైకిల్‌ని దాదాపు గుద్దేశాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, హెల్మెట్ లేదు, బందరు రోడ్డు ఎండకి మండుతోంది. ఎక్కడున్నావని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే పెట్టేస్తాడు. ఒక్కడితో ఆటలో పెద్ద ప్రశ్న వెయ్యకూడదని ఈ ఐదు నెలల్లో నేర్చుకున్నాను. పెద్ద ప్రశ్నకి ఒంటరివాడు బిగుసుకుపోతాడు. చిన్న ప్రశ్న వెయ్యాలి, చేతికి అందేది.

"డైస్ నీ దగ్గరే ఉన్నాయి," అన్నాడు.

"బండి నంబరు చూడు. రోడ్డుకేసి తిరిగి, వచ్చే బండి ఆఖరి అంకె చెప్పు."

రోడ్డుకేసి తిరిగితే నీళ్ళకి వీపు పెట్టినట్టే. నా దగ్గరున్న ఉపాయం అదొక్కటే. లోపల అల్లాని తలుచుకుంటూ బండి తోలుతున్నాను.

"ఎనిమిది," అన్నాడు.

బెంజ్ సర్కిల్ సిగ్నల్ కనబడుతోంది. తిన్నగా వెళ్తే బస్టాండు, బ్యారేజీ. "ఎనిమిదా, గెలిచావు. పడవ ఆగింది," అంటుండగా ఫోన్లో ఒక చప్పుడు వినిపించింది. ష్‌ష్‌... టక్. ఎయిర్ బ్రేకు. పెద్ద టిప్పరు.

"ఏం బండిరా అది?"

"లారీ. ఏదైతే ఏం?"

బ్యారేజీ మీదకి లారీల్ని రానివ్వరు! వీడున్నది బ్యారేజీ మీద కాదు. నదిని దాటే హైవే వంతెన, వారధి మీద. పోలీసుల్ని అటు పంపించాను, వీడు ఇటున్నాడు. ఫోన్ పెట్టి వాళ్ళకి చెప్పాలంటే వీణ్ణి వదలాలి. వదలను. రెడ్ లైటులోనే స్కూటర్ ఎడమకి తిప్పాను. ఒక ఆటోవాడు నా మూడు తరాల్నీ తిట్టాడు. తిట్టనీ.

"వేణు, పడవవాడు నీ పేరు అడుగుతున్నాడు."

"కోటయ్య."

"ఊరు?"

"లేదు."

"చేతిలో ఏముందని అడుగుతున్నాడు."

"ఏమీ లేదు. అన్నీ ఇచ్చేశాగా."

"నీళ్ళు ఎక్కుతున్నాయి. పడవ ఊగుతోంది. ఒక చేత్తో అంచు పట్టుకుంటున్నావు. ఇంకో నంబరు చూడు."

వంకలు పెట్టకుండా చూశాడు. "మూడు. ఓడిపోయా."

"ఓడితే నష్టం." ఏం నష్టం? తలలో ఏమీ లేదు. నోటికొచ్చింది అనేశాను. "కోటయ్య చెప్పులు నీళ్ళలో కొట్టుకుపోయాయి."

వేణు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఈ జన్మలో మర్చిపోను. "చెప్పులు ముందే విప్పేశాను భాయ్."

అరిచాననుకుంటా. ఏమని అరిచానో తెలీదు. ఫ్లైఓవరు పక్కన రోడ్డు మీద పోతున్న ఒక కుటుంబం నా వంక తిరిగి చూసింది. గొంతు తిరిగి తెచ్చుకుని, ఆడించేవాడి గొంతుతోనే అడిగాను. "కాళ్ళు కాలుతున్నాయా?"

"కాలుతున్నాయి."

"బాగానా?"

"బాగానే. నీకెందుకు భాయ్? నువ్వు వస్తున్నావు కదూ? గాలి వినపడుతోంది."

అబద్ధం చెబితే పట్టేస్తాడు. "వస్తున్నాను."

"రావద్దు."

"వస్తాను. ఆట మధ్యలో ఆడించేవాడు లేవకూడదు."

"అయితే ఒక్కటే, ఆఖరుది," అన్నాడు. "ఇటొచ్చే మొదటి బండి. ఐదో ఆ పైనో పడితే నువ్వొచ్చేదాకా ఉంటా. లోపు పడితే ఫోన్ పెట్టేస్తా. ఇంక నన్నేమీ అడక్కు."

"అది రూల్ కాదురా!"

"ఇవాళ నువ్వు డైస్ లేకుండా ఒకణ్ణి చంపావు. నేను డైస్ వేసే అడుగుతున్నా."

నేను వారధి ఎక్కేశాను. ముందు ఖాళీ రోడ్డు, కుడిపక్క ఎండకి తళతళలాడే నీళ్ళు. వెనక లారీలు సిగ్నల్ దగ్గర ఆగిపోయినట్టున్నాయి, నా వెనక ఎవరూ లేరు. ముందు ఎవరూ లేరు. దూరంగా, ఎడమవైపు రెయిలింగుకి ఆనుకుని, నీలం చొక్కా. రోడ్డుకేసి తిరిగి, నంబరు కోసం కళ్ళు చిట్లించుకుని చూస్తోంది.

వాడు చూస్తున్న బండి నాదే. అప్పుడు తెలిసింది నాకు. ఆగితే వెనక వచ్చే లారీ నంబరులో మంచి అంకె రావొచ్చు. ఆగితే వాణ్ణి చేరలేను. యాక్సిలరేటర్ విరిగిపోయేలా తిప్పాను.

ఇయర్‌ఫోన్లో మెల్లగా వినిపించింది. "ఏడు... నాలుగు... నాలుగు..."

ఆగాడు.

"ఒకటి. భాయ్, ఇది నీ బండి."

బ్రేకు వేశానో, బండిని అలాగే వదిలేశానో గుర్తులేదు. స్కూటర్ పక్కకి పడి గీసుకుంటూ పోయింది. నేను రెండు చేతులతో వాడి బెల్టు పట్టుకున్నాను. పట్టుకుని చెంప మీద ఒక్కటిచ్చాను. నా కోపం అలాంటిది. ఆ వెంటనే వాణ్ణి వాటేసుకుని ఏడ్చాను. వాడు ఏడవలేదు. కట్టెలా నిలబడ్డాడు. వాడి చెప్పులు రెండూ రెయిలింగు పక్కన, గుడి ముందు విప్పినట్టు, ఒద్దికగా పెట్టి ఉన్నాయి.

"ఒకటి పడింది," అన్నాడు. "ఓడిపోయా. వదులు."

"ఓడితే మన బల్ల మీద ఏం చేస్తాం?"

వాడు నా వేళ్ళు విడదీయబోయాడు.

"చెప్పరా లాయరూ! చస్తామా?"

"నష్టం కడతాం."

"కట్టు."

"నా దగ్గర ఏముంది భాయ్?"

"దాచుకున్నది ఏదో ఉంది. అది లేకపోతే ఇంతదాకా రావు. కట్టు."

ఇద్దరం ఆ కాలే సిమెంటు మీద కూలబడ్డాం. నేను బెల్టు వదల్లేదు. లారీలు మళ్ళీ మొదలయ్యాయి, ఒక్కొక్కటి దాటుతుంటే వారధి వణుకుతోంది.

"ఆ రోజు రింగు దగ్గర కృప టీ తాగుదాం ఆపరా అన్నాడు," అన్నాడు వేణు. "నేను ఆపలేదు. ఎందుకో తెలుసా? కోటయ్యకి ఆ రోజు కొత్త కత్తి వచ్చింది. ఇంటికెళ్ళి కాగితం మీద రాసుకోవాలని తొందర. అంతే భాయ్. కాగితం మీద కత్తి. ఐదు నిమిషాలు టీ తాగి ఉంటే ఆ లారీ వెళ్ళిపోయేది. వాళ్ళమ్మకి ఏమని చెప్పను? ఎవరికి చెప్పను? ఆదివారం ఆదివారం నీ దగ్గరికొస్తే వాడు మాట్లాడేవాడు. నీ నోట్లోంచే అయినా మాట్లాడేవాడు. చిలకముక్కుని ఎందుకు చంపావ్ భాయ్?"

నా జీవితంలో ఇంతకన్నా సిగ్గుపడే జవాబు ఇంకొకటి చెప్పలేదు. "కథ బాగుంటుందని."

నా వంక చూశాడు. ఆ చూపుకి నేను తల దించేసుకున్నాను.

"వెళ్తున్నా అన్నావేంట్రా?" అన్నాను, ఇంకేమనాలో తెలియక. "మా అమ్మ పట్టుకోకపోతే?"

"కృప వెళ్ళొస్తా అని చెప్పి మెట్లు దిగాడు. వచ్చాడా?" అన్నాడు. "నువ్వు, ఆంటీ... మీ ఇద్దరికీ అబద్ధం చెప్పలేకపోయా. రానని తెలిసి వస్తానని ఎలా అనను?"

అప్పుడు ఏడ్చాడు. ఒక బైకు మీద వెళ్తున్న మొగుడూ పెళ్ళాం ఆగి నీళ్ళ సీసా ఇచ్చారు. ఆవిడే పోలీసులకి వారధి అని చెప్పింది. నేను వాడి కాళ్ళకి చెప్పులు తొడిగాను. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

మర్నాడు నాగదుర్గ వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు, వారానికోసారి మాట్లాడటానికి ఒక మనిషి. కొన్నాళ్ళకి కృపానందం వాళ్ళమ్మ దగ్గరికి వేణుతో పాటు నేనూ వెళ్ళాను. వేణు ఆ టీ సంగతి చెప్పాడు. ఆవిడ, "వాడికి టీ పిచ్చి బాబూ, చిన్నప్పట్నుంచీ అంతే" అంది. క్షమించిందో లేదో మాకు తెలీదు. మళ్ళీ రమ్మంది.

మళ్ళీ ఆదివారం ఆట మొదలుపెట్టాం. మళ్ళీ ఒక్కడితోనే. చిలకముక్కుని బతికించమని వాడు అడగలేదు, నేను బతికించలేదు. ఆ గొంతు మళ్ళీ ఎత్తలేదు. కోటయ్య ఉత్త చేతులతో నది ఒడ్డు దిగి, ఊరూరా తిరుగుతూ పని అడుక్కుంటున్నాడు. అంత చప్పటి కథ నేనెప్పుడూ ఆడించలేదు. వాడు ఊ కొడుతున్నాడు, నాకంతే చాలు.

అమ్మ కొత్త పద్ధతి పట్టింది. నాలుగు చీరలిస్తే మూడే కుట్టి ఇస్తుంది. నాలుగోది సూది గుచ్చి అలాగే ఉంచి, "ఇది వచ్చే వారం నాయనా, నువ్వే రావాలి, ఇంకెవరికీ ఇవ్వను," అంటుంది. వాడు సరేనంటాడు. కానీ వెళ్ళేటప్పుడు ఏమీ అనడు. చెయ్యెత్తి ఊరుకుంటాడు. ఐదు ఆదివారాలు అలాగే. వాడు గేటు దాటిన దగ్గర్నుంచి ఇంటికి చేరానని ఫోన్ వచ్చేదాకా నేను మనిషిని కాదు.

ఆరో ఆదివారం మెట్లు దిగినవాడు మళ్ళీ రెండు మెట్లెక్కి ఆగాడు.

"భాయ్, వెళ్ళొస్తా అననా?"

"అంటే రావాలి మరి."

"డైస్ వెయ్యాలా?"

"దీనికి డైస్ లేదురా."

ఆలోచించాడు. "వెళ్ళొస్తా భాయ్," అన్నాడు, కొత్త చెప్పుల్లో నడిచినట్టు జాగ్రత్తగా. కింద నుంచి అమ్మ వినేసింది. "మంచిది నాయనా, వెళ్ళిరా," అంది.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. ఆ మాట అనకపోయినా బాగుండేదనిపించింది. అన్న తరవాత రాకపోవడం నేను ఒకసారి చూసినవాణ్ణి. రోజూ ఫోన్ చేస్తే విసుక్కుంటాడని రోజు విడిచి రోజు చేశాను. ఆదివారం పన్నెండింటికే బల్ల పరిచాను. మూడింటికి రావాలి. మూడుంపావైంది. అమ్మ మిషను తొక్కడం ఆపేసి గేటుకేసి చూస్తోంది. మూడున్నరైంది. ఫోన్ స్విచాఫ్. నేను స్కూటర్ తాళాలు చేతిలోకి తీసుకున్నాను. డైస్ సంచీ బల్ల మీద ఉంది, దానికేసి చూడలేకపోయాను.

నాలుగు కావస్తుండగా వీధి మలుపులో ఒక షేర్ ఆటో చప్పుడు. కీచుమని, ఇనుము ఇనుమును గీకినట్టు, గేటు ముందు ఆగింది. బ్రేకు లైనింగులు పూర్తిగా అరిగిపోయిన ఆటో. దిగిన మనిషి వేణు, చంకలో చీరల మూట. "ఫోన్ చచ్చింది భాయ్, దారిలో వీడి బండి రెండుసార్లు ఆగింది," అంటున్నాడు.

నేను స్కూటర్ తాళాలు జేబులో వేసుకుని షాపు షట్టరు ఎత్తాను. లోపలికెళ్ళి, ఆ ఆటోవాడు అడక్కముందే రెండు జతల లైనింగులు తెచ్చి ఊరికే ఇచ్చాను.